ఎర్ర అంచు గుడ్డ

"వాడు ఇవాళ కూడా లోపలికి రాడటే" అంటూ అత్తగారు ఖాళీ కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కోడలు కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తలేదు. "కంచం మాత్రం కడిగినట్టు వచ్చిందిగా అత్తయ్యా. అలిగింది నోరే గానీ కడుపు కాదన్నమాట."

"ఆ ముక్క వాడితో చెప్పమంటావా?"

"నిక్షేపంగా చెప్పండి."

అత్తగారు చెప్పులేసుకుని మళ్లీ బయటికి నడిచింది. గేటు ముందు టాక్సీ ఆగి ఉంది. వెనక్కి వాల్చిన సీట్లో ఇంటి యజమాని కొలువు తీరి ఉన్నాడు. మొన్న దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని వెళ్లినవాడు మళ్లీ గడప తొక్కలేదు. గడ్డం గీసుకోవడం బండి అద్దంలో చూసుకునే. స్నానానికి మాత్రం పెరటి దారిన వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పోతాడు. దారిన పోయేవాళ్లు ఇదేమిటని అడిగితే ఇంటికి రంగులు వేయిస్తున్నామని చెబుతున్నాడు. ఎదురింటావిడ నిన్న పనిగట్టుకుని వచ్చి, ఏ రంగు వేయిస్తున్నారని కోడలినే అడిగి వెళ్లింది.

అత్తగారు కారు కిటికీ దగ్గర వంగి చాలాసేపు మాట్లాడింది. ఆవిడ అక్కడ ఏం చెబుతుందో ఇంట్లోకి వినబడదు.

"వంట బాగా కుదిరిందన్నాడు" తిరిగొచ్చి కుర్చీలో కూలబడుతూ చెప్పింది. "నీ ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగాడు. కానీ మీటింగులో పేరు మాత్రం తీసేయించుకోమంటున్నాడే."

మిషను ఆగింది.

"పేరు తియ్యను" అంది కోడలు.

ఆ మీటింగు ఇవాళే. టాక్సీ ఛార్జీలు పెంచమని డ్రైవర్ల యూనియన్ పెట్టుకున్న అర్జీ పురపాలక సంఘం కమిటీ ముందుకు వస్తోంది. ఊళ్లో ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చన్నారు. యూనియన్ తరఫున మాట్లాడేది కారులో పడుకున్న ప్రెసిడెంటు గారు. మామూలు జనం తరఫున పేరు ఇచ్చింది ప్రెసిడెంటు గారి భార్య. గొడవంతా అదే.

పది రోజుల కిందట అర్జీ టైపు చేయించి తెచ్చి, మురిసిపోతూ మొదట ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె కూడా మురిసిపోతూనే చదివింది. పెట్రోలు ధర, టైర్లు, మరమ్మతులు, ఏళ్ల తరబడి అంగుళం కదలని కిలోమీటరు రేటు. అన్నీ నిజాలే. ఆ రేటు పెరగాలని ఆ ఇంట్లో ఆమె కంటే ఎక్కువ కోరుకున్నవాళ్లు లేరు. కింది పేరా దగ్గరికి వచ్చేసరికి ఆమె చదవడం ఆపేసింది.

చిన్న బేరానికి, అంటే దగ్గరి దూరానికి, వెళ్లిన డ్రైవరు తిరిగొచ్చి మళ్లీ స్టాండు లైన్లో చిట్టచివర నిలబడవలసి వస్తోందనీ, దాంతో పూటంతా పోతోందనీ, అందుకని మినిమం ఛార్జీ రెట్టింపు చెయ్యాలనీ ఆ పేరాలో ఉంది.

"ఇదేమిటండీ? మరి గుడ్డల సంగతో?" అని అడిగింది.

అతను కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గుడ్డల సంగతి స్టాండులో వాళ్లకి తప్ప బయట ఎవరికీ తెలియదు. చిన్న బేరం తగిలిన డ్రైవరు బండి తుడుచుకునే గుడ్డ తీసి, స్టాండు మొదట్లో ఉన్న ఇనప స్తంభానికి కట్టి వెళతాడు. తిరిగి రాగానే గుడ్డ విప్పుకుని లైన్లో మొదటి చోట బండి పెట్టుకుంటాడు. ఎవరూ కాదనరు. ఎవరిది ఏ గుడ్డో తెలియాలి కనుక ఒక్కొక్కరిదానికి ఒక్కో రంగు అంచు. ఆ అంచులన్నీ కుట్టింది ఈమె. మొగుడిదానికి ఎర్ర అంచు వేసింది. పెళ్లయిన కొత్తల్లో, ఎంత దూరం నుంచైనా కనబడాలని.

"రెట్టింపైతే మనకే కదే లాభం?" అంది అత్తగారు నెమ్మదిగా.

"మనకి లాభమే. టీచరమ్మకో?"

టీచరమ్మది స్టాండు వెనక సందు. రెండు మూడు తరాల పిల్లలకి, ఈ కోడలితో సహా, అక్షరాలు దిద్దించిన మనిషి. ఇప్పుడు మూత్రపిండాలు పాడై రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. బస్సెక్కే ఓపిక లేదు. ఆసుపత్రి చూస్తే కూతవేటు దూరం. ఎటు చూసినా మినిమం ఛార్జీ బేరం.

"పోయిన వారం కర్టెన్లు తీసుకెళ్లడానికి వచ్చి ఏమందో తెలుసా? వారానికి రెండుసార్లు వెళితే చాలదంటావా అమ్మాయ్ అంది. నన్నడుగుతోంది అత్తయ్యా. నేనేమన్నా డాక్టర్నా? నేనొచ్చి మాట్లాడతానని మాటిచ్చాను. ఇవాళ ఆవిడ ఆసుపత్రి రోజు. మీటింగుకి తను రావడం కుదరదు."

"అది కాదే తల్లీ. మొగుణ్ణి పట్టుకుని పదిమందిలో అబద్ధాలకోరు అంటావా?"

"అనను. ఆ మాట నా నోట రాదు. కిలోమీటరు రేటు పెంచమనే చెబుతాను. అబద్ధం మీద పెంచొద్దంటాను."

బయట కారు తలుపు ధడాలున పడింది. అత్తాకోడళ్లిద్దరూ గుమ్మంలోకి వచ్చారు. అతను యూనిఫాం చొక్కా వేసుకుని బండి ముందద్దం తుడుస్తున్నాడు, ఎర్ర అంచు గుడ్డతోనే. ఆమె మెట్లు దిగి వెళ్లి కారుకి ఇవతల నిలబడింది. ఇద్దరికీ మధ్య ఇంజను మూత తప్ప అడ్డం లేదు.

"అమ్మా, స్టాండు సంగతులు స్టాండులోనే ఉండాలని చెప్పు ఆవిడకి" అన్నాడు అద్దం వైపు చూస్తూ.

"అత్తయ్యా, అలాగైతే స్టాండు అబద్ధాలు కూడా స్టాండులోనే ఉంచుకోమనండి."

"నిజం చెప్పినన్నాళ్లూ ఒక్క పైసా పెంచారా అని అడుగమ్మా. పోయినసారి పెట్రోలు రసీదులతో సహా పట్టుకెళ్లాను. చూస్తాం అన్నారు. అంతకుముందు కూడా చూస్తామనే అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. ఈ పేరా ఉంటేగానీ పని జరగదని అందరూ అన్నారు."

"అందరూ అంటే మీ యూనియన్లో హారన్ గారేగా అని అడగండి అత్తయ్యా."

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నా మెడ నెప్పెడుతోందర్రా" అంది చివరికి.

అతను గుడ్డ మడిచి జేబులో కుక్కుకుని బండెక్కాడు. బండి స్టార్టు చేసి, కిటికీలోంచి తల్లితోనే అన్నాడు: "ఇవాళ ఆవిడ అక్కడ నోరు తెరిస్తే నేను ఇంక ఈ ఇంట్లోకి రానని చెప్పమ్మా. ఇది కోపంతో అంటున్న మాట కాదు."

అది కోపంతో అన్న మాట కాదని ఆమెకీ తెలిసింది. కోపంలో అతని గొంతు పైకి లేస్తుంది. ఇప్పుడు లేవలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి, లోపలికి వచ్చి, మెడలో కొలతల టేపు వేసుకుని దుకాణం గది తలుపు తీసింది.

తలుపు తీసీ తియ్యగానే హారన్ వచ్చాడు. యూనియన్లో ప్రెసిడెంటు తరవాతి మనిషి. మెల్లగా మాట్లాడటం చేతకాదు కనుక ఊరు ఊరంతా అతన్ని హారన్ అనే పిలుస్తుంది. ఇవాళ మాత్రం గొంతు తగ్గించే వచ్చాడు. అదే ఆమెకి నచ్చలేదు.

"వదినా, మన అన్నయ్య పరువు నీ చేతిలో ఉంది" అన్నాడు స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"పరువు నా చేతిలోనూ, అర్జీ నీ చేతిలోనూనా?"

"నువ్వు మరీనూ. ఇన్ని డ్రైవర్ల ఇళ్లున్నాయి. వాళ్లందరి బట్టలూ నువ్వే కుడుతున్నావు. రేపు ఆడవాళ్లంతా ఇంకో దుకాణం వెతుక్కుంటే అప్పుడు నేనేమీ చెయ్యలేను. ఇది బెదిరింపు కాదు సుమా, చుట్టరికం కొద్దీ చెబుతున్నాను."

"నిన్నే ఒక డ్రైవరు భార్య వచ్చి సగం కుట్టిన గౌను వెనక్కి పట్టుకుపోయింది. నీ చుట్టరికం నీ కంటే ముందే వచ్చి వెళ్లిందిలే."

అతను మొహం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "స్టాండు రహస్యం నీకు చెప్పడమే మా తప్పు."

"మీ అంతట మీరు చెప్పలేదు మరిదీ. అంచులు కుట్టమన్నారు, ఎందుకని అడిగాను. నీది ఆకుపచ్చ. చూడూ, నీ ప్యాంటు నడుము ఎన్నిసార్లు వదులు చేశానో ఈ ఊళ్లో ఒక్క పురుగుకి తెలుసా? దాచవలసినవి దాచడం నాకు వచ్చు. ఇది దాచవలసింది కాదు."

హారన్ లేచాడు. గొంతు కూడా లేచింది. "అయితే చూసుకుందాం వదినా!"

"అదీ, ఇప్పుడు నీ గొంతులా ఉంది" అంది ఆమె. నవ్వు మాత్రం రాలేదు. అతను వెళ్లాక ఒక జాకెట్టు ముక్క కత్తిరించబోయి మానేసింది. కత్తెర కింద పెట్టేసి, మెడలో టేపుతోనే దుకాణం మూసి, అత్తగారిని కేకేసింది.

"నేనూ తయారే" అంటూ అత్తగారు అప్పటికే చేతిసంచితో వరండాలో కూర్చుని ఉంది. "మీ ఇద్దరినీ ఒక గదిలో వదిలి నేనింట్లో కూర్చుంటాననుకున్నావా?"

పురపాలక సంఘం భవనం సరిగ్గా టాక్సీ స్టాండుకి ఎదురుగా ఉంటుంది. కమిటీ హాలు మేడ మీద. పొడుగాటి బల్ల వెనక సభ్యులు, వాళ్ల ముందు నీళ్ల సీసాలు. వెనక బెంచీల నిండా యూనిఫాం చొక్కాలు. అత్తాకోడళ్లు కిటికీ పక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒకరిద్దరు డ్రైవర్లు ఆమెని చూసి నవ్వబోయి, పక్కవాళ్లు మోచేత్తో పొడిస్తే మానుకున్నారు.

ప్రెసిడెంటు ఆలస్యంగా, ఎగశ్వాసతో మెట్లెక్కి వచ్చాడు. భార్య వైపు చూడకుండా మైకు దగ్గరికి వెళ్లాడు.

బాగా మాట్లాడాడు. ఒక టైరు అరిగితే ఎన్నాళ్లు ఆ బట్టతల టైరుతోనే నడుపుకొస్తారో, వానలో వైపరు ఆగిపోతే చేత్తో ఎలా తిప్పుకుంటారో, ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే డాక్టరా, ఇంజను ఆయిలా అని ఎలా తేల్చుకుంటారో చెప్పాడు. బల్ల వెనక ఒకాయన కాగితం మీద గీతలు గీయడం ఆపి విన్నాడు. ఆ తేల్చుకోవడాలన్నీ ఆమె కూడా అతని పక్కన కూర్చుని తేల్చినవే. ఆమెకి గర్వంగా అనిపించింది. అక్కడితో ఆపేస్తే బాగుండునని ఎంత కోరుకుందో చెప్పలేం.

అతను ఆపలేదు. కాగితం తిప్పాడు. దగ్గాడు. నీళ్లు తాగాడు.

"ఇక మినిమం ఛార్జీ. చిన్న బేరానికి వెళ్లిన డ్రైవరు... తిరిగొచ్చాక లైన్లో వెనక్కి పోవాలి."

"ఎప్పుడూ వెనక్కేనా?" అని అడిగింది కమిటీ అధ్యక్షురాలు. కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, మనిషిని పైనుంచి చూసే అలవాటు ఆవిడకి.

"ఎప్పుడూ. వెనక్కే."

అతని నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది, ఎప్పుడూ పోయినట్టే. ఖాళీగా బయటికి వచ్చింది. అతను మోచేతి మడతతో నుదురు తుడుచుకున్నాడు.

గుడ్డ ఏమైంది? పొద్దున జేబులో కుక్కుకోవడం ఆమె కళ్లారా చూసింది. తల తిప్పి కిటికీలోంచి చూసింది. రోడ్డు అవతల బళ్ల వరస, వరస మొదట్లో ఇనప స్తంభం. స్తంభానికి ఎర్ర అంచు గుడ్డ గాలికి ఎగురుతోంది.

పొద్దున చిన్న బేరానికి వెళ్లాడన్నమాట. తిరిగొచ్చేసరికి మీటింగు వేళయింది, బండి ఎక్కడో పెట్టి పరుగెత్తుకొచ్చాడు. ఇవాళ టీచరమ్మ ఆసుపత్రి రోజు. అబద్ధం చెప్పడానికి వస్తూ వస్తూ ఆ మనిషి తన నిజాన్ని రోడ్డు మీద కట్టి వచ్చాడు.

పక్కనే అత్తగారు కూడా కిటికీలోంచి చూస్తోంది. ఆవిడకీ కనబడింది. కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "చూపించకే" అంది పెదవులతోనే.

గుమాస్తా తరవాతి పేరు పిలిచాడు. పిలిచి, కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూసుకుని, "ప్రెసిడెంటు గారి శ్రీమతి గారు" అని కలిపాడు. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు.

"మీరు యూనియన్ తరఫునా?" అడిగింది అధ్యక్షురాలు.

"కాదండీ. నా తరఫునే. బట్టలు కుట్టుకుంటాను."

మైకు ఎత్తు ఆమెకి సరిపోలేదు. దించబోతే అది కీచుమంది. అతను లేచి వచ్చి సరిచేస్తాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మునివేళ్ల మీద నిలబడే మాట్లాడింది.

"ఇందాక ఆయన టైర్ల గురించీ, జ్వరాల గురించీ చెప్పిందంతా నిజం. ఆ ఇంట్లో ఉన్నదాన్ని కనుక చెబుతున్నాను. కిలోమీటరు రేటు పెంచండి. వాళ్లడిగినంతా పెంచండి. మళ్లీ చూస్తామని పంపెయ్యకండి. అలా పంపేసి పంపేసి వీళ్ల చేత మీరే..." ఆమె ఆగి, మాట మార్చుకుంది. "మినిమం మాత్రం రెట్టింపు చెయ్యొద్దు. చిన్న బేరానికి వెళ్లొచ్చినవాళ్లు లైన్లో వెనక్కి పోరండీ. ముందుకే వస్తారు. స్టాండులో అలా ఒక కట్టుబాటు ఉంది. వెళ్లేవాడు తన గుడ్డ కట్టి వెళతాడు, వచ్చి విప్పుకుని మొదట నిలబడతాడు. చాలా మంచి కట్టుబాటు. రోగులు దగ్గరి దూరానికి వచ్చినా ఎవరూ విసుక్కోకుండా ఎక్కించుకునేది దానివల్లే."

"అబద్ధం!" హారన్ ఒంటికాలి మీద లేచాడు. "గుడ్డా లేదు, గిడ్డా లేదు! ఇంట్లో మొగుడూ పెళ్లాల తగువు తెచ్చి ఇక్కడ తీర్చుకుంటోంది!"

హాలంతా గోలయింది. అధ్యక్షురాలు బల్ల మీద గంట కొట్టింది. "ఏదైనా రుజువు ఉందా అమ్మా?"

ఉంది. చెయ్యి చాచి చూపిస్తే చాలు. ఆమె చూపు కిటికీ దాకా పోయింది, వెనక్కి వచ్చింది. చూపిస్తే అతను జన్మలో తల ఎత్తుకోలేడు. చూపించకపోతే టీచరమ్మ వారానికి రెండుసార్లే వెళుతుంది.

"ప్రెసిడెంటు గారినే అడగండి" అంది. గొంతు స్థిరంగానే ఉంది. "ఆయన ఇందాక కాగితం చూసి చెప్పారు. ఈసారి కాగితం లేకుండా అడగండి. ఆయనేం చెబితే అదే. నేను మళ్లీ మాట్లాడను."

ఆమె వచ్చి కూర్చుంది. హాలు సద్దుమణిగింది. అధ్యక్షురాలు కళ్లద్దాలు దించి అతని వైపు చూసింది. "చెప్పండి. ఆవిడ అన్నది నిజమేనా?"

అతను లేచాడు. హారన్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. ఆ తరవాత మెల్లగా కిటికీ వైపు తిరిగాడు.

"ఉందండీ" అన్నాడు. "ఆ కిటికీలోంచి చూస్తే కనబడుతుంది. ఎర్ర అంచుది. నాదే. పొద్దున ఒక పెద్దావిడని ఆసుపత్రిలో దింపడానికి వెళుతూ కట్టాను. చేతికి అలవాటు."

బల్ల వెనక సభ్యులు ఒక్కొక్కరే లేచి కిటికీ దగ్గరికి వచ్చారు. ఎవరూ నవ్వలేదు. అధ్యక్షురాలు తిరిగి వెళ్లి కూర్చుని, ఆ పేరా మీద అడ్డంగా ఒక గీత గీసింది. "మిగతా రేట్ల మాట భోజనాల తరవాత తేలుస్తాం. ఎవరినైనా పిలిపిస్తే రావాలి" అంది.

వెనక బెంచీలు ఖాళీ అవుతున్నాయి. హారన్ అందరికంటే ముందు దిగిపోయాడు. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకి అతను రోడ్డు దాటడం కనబడింది. అతను తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్లాడు. ఎర్ర అంచు గుడ్డ ముడి విప్పాడు. చెత్తడబ్బా మీద పడేసి చేతులు దులుపుకున్నాడు.

ప్రెసిడెంటు కూడా అదే కిటికీలోంచి చూశాడు. మెట్ల వైపు నడిచాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా?" తల్లి కేకేసింది.

"లైన్లోకి. వెనక్కి."

అత్తగారు సంచి సర్దుకుంటూ లేచింది. "ఏం చెప్పమంటావే వాడితో?"

"ఏమీ వద్దత్తయ్యా. నేనే చెబుతాను."

"అయ్యో, వద్దే..." అంది అత్తగారు కంగారుగా. ఆ కంగారు దేనికో కోడలికి రోడ్డు దాటాక అర్థమైంది.

అతని బండి వరస చివర, టీ దుకాణం దాటి ఆగి ఉంది. ఆమె వెళ్లి కిటికీ పక్కన నిలబడింది. అద్దం సగం దిగింది. ముందు అతనే అన్నాడు, ఎదురుగా చూస్తూనే.

"నిన్నంతా ఏడ్చావటగా."

"నేనా? ఎవరన్నారు?"

"అమ్మ. పొద్దున కూడా కళ్లు తుడుచుకుంటూ, నన్ను క్షమించమన్నావని చెప్పింది."

"నేను చెప్పమన్నది, మీకు అలిగింది నోరే గానీ కడుపు కాదని. మరి మీరు వంట బాగుందన్నారటగా? నా ఒంట్లో ఎలా ఉందని అడిగారటగా?"

"నేనేమీ అడగలేదు."

ఇద్దరూ ఒకేసారి మేడ మీది కిటికీ వైపు చూశారు. అక్కడి నుంచి చూస్తున్న అత్తగారు చటుక్కున లోపలికి తప్పుకుంది. అతని పెదవి వంకర తిరిగింది, నవ్వు కాబోయి ఆగిపోయింది.

"టీచరమ్మనేనా దింపింది?" అడిగింది ఆమె.

"ఊఁ."

"ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు." అతను స్టీరింగు మీద వేలితో గీశాడు. "దిగేటప్పుడు మాత్రం, రేపటినుంచి మినిమం ఎంతవుతుందిరా అబ్బాయ్ అని అడిగింది. చెప్పాను. సరే అంది. అంతే. సరే అంది."

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి అత్తగారు చెప్పక్కర్లేకుండానే తిరిగాయి. "ఇంటికి పదండి" అంది.

"ముందు బళ్లున్నాయి. నా వంతు రాకుండా ఎవర్నీ ఎక్కించుకోను."

"నన్ను కూడానా?"

"ఎవర్నీ."

"అయితే మీ వంతు వచ్చేదాకా ఇక్కడే నిలబడతాను."

"నీ ఇష్టం."

తలుపు తాళం తియ్యలేదు. అద్దం పైకి ఎత్తనూ లేదు. ముందు బండికి బేరం తగిలి వరస కదిలింది. అతను బండి అంత దూరమే ముందుకు జరిపాడు. ఆమె కూడా అంత దూరమే నడిచి మళ్లీ కిటికీ పక్కన నిలబడింది. వరస మళ్లీ కదిలింది. ఆమె మళ్లీ నడిచింది. ఎండ నెత్తికెక్కింది. తోటి డ్రైవర్లు కొందరు తల తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోలేకపోయారు. అలా అలా అతని ముందు ఒక్క బండి మిగిలింది. అది హారన్ బండి.

అప్పుడే మేడ మీద నుంచి గుమాస్తా తొంగి చూసి కేకేశాడు. "ప్రెసిడెంటు గారూ! కిలోమీటరు రేటు మీద కమిటీవాళ్లు పిలుస్తున్నారు. మీ శ్రీమతి గారిని కూడా తీసుకురమ్మన్నారు. వెంటనే రావాలట!"

హారన్ వెనక్కి తిరిగి పళ్లికిలించాడు. "వెళ్లన్నయ్యా. వచ్చి మళ్లీ చివర్నించి మొదలెట్టు."

అతను స్టీరింగు పట్టుకుని స్తంభం వైపు చూశాడు. గుడ్డ ఉన్న చోట ఇప్పుడు ముడి తాలూకు మరక మాత్రమే ఉంది.

ఆమె మెడలోంచి కొలతల టేపు తీసింది. నడిచి వెళ్లి, అందరూ చూస్తుండగా, ఇనప స్తంభానికి దాన్ని రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసింది. ఆ టేపు లేనిదే ఆమెకి పూట గడవదని ఆ స్టాండులో తెలియనివాళ్లు లేరు.

"ఇది ఈయన గుడ్డ" అంది వరస అంతటికీ వినబడేలా. "తిరిగొచ్చి విప్పుకుంటాం."

కారు తాళం టక్కున తెరుచుకుంది. అతను దిగి, తలుపు వేసి, భార్య పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"పద" అన్నాడు. గొడవ మొదలయ్యాక, మధ్యలో అమ్మ లేకుండా ఆమెతో అన్న మొదటి మంచి మాట అదే.

ఇద్దరూ రోడ్డు దాటారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనకాల ఒక బండి తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. అతను ఆగి తిరిగి చూశాడు. హారన్ బండి దిగి స్తంభం వైపు నడుస్తున్నాడు. అంతలో వరస మధ్యలోంచి ఇంకో తలుపు తెరుచుకుంది, దిగినతను హారన్‌కి అడ్డంగా నడిచాడు.